ఒకే కథ, నాలుగు స్క్రిప్టులు

(మేడ్చల్‌లో చేసిన స్మారకోపన్యాసానికి అచ్చు ప్రతి)



ఇవాళ మనం స్మరించుకుంటున్న సారు బడిలో తెలుగు చెప్పారు, రేడియోకు నాటకాలు రాశారు. నాటకం రాసుకొచ్చిన శిష్యుణ్ణి ఆయన మొదట అడిగేది కథ గురించి కాదు. "ఇది ఎవరు వింటరు, ఎక్కడ కూసోని వింటరు?" అనేవారు. ఆ ప్రశ్ననే ఇవాళ నా విషయంగా తీసుకున్నాను. సినిమా, రేడియో, టీవీ, వీడియో గేమ్ ఈ నాలుగింటికీ రాసే కాగితాన్ని స్క్రిప్టు అనే ఒక్క మాటతోనే పిలుస్తున్నాం. పని మాత్రం ఒకటి కాదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. స్క్రిప్టు రూపాన్ని నిర్ణయించేది కథ కాదు, అవతలి మనిషికి ఏది అందదో అది. రేడియో శ్రోతకు చూపు అందదు. టీవీ ముందున్న మనిషికి తీరిక అందదు. సినిమాలో ప్రేక్షకుడికి అన్నీ అందుతాయి కాబట్టి ఏది రాయకూడదో రచయితకు తెలియాలి. గేమ్‌లో పరిస్థితి తిరగబడుతుంది. అక్కడ రచయితకే ఒకటి అందకుండా పోతుంది: కథను తన వరసలో చెప్పుకునే అధికారం.

ఊరికే సూత్రాలు చెబితే గాలిలో పోతాయి. మన ప్రాంతపు కథే ఒకటి తీసుకుందాం. రాజీవ్ రహదారికి అటూ ఇటూ ఉన్న ఏ ఊళ్ళోనైనా జరిగి ఉండగలిగిందే. శామీర్‌పేట చెరువుకు అవతల రెండెకరాల రైతు. కూతురు పట్నంలో చదువుకుంటున్నది. ఆమెకు చెప్పకుండా తండ్రి భూమి అమ్మేశాడు. పిల్ల సెలవులకు వచ్చింది, ఆ సంగతి ఆమెకు తెలియాలి. అంతే కథ. దీన్ని నాలుగు చోట్ల రాసి చూద్దాం.

మొదట సినిమా. పాత పద్ధతిలో మన సీను పేపరు నిలువునా రెండు భాగాలు. ఎడమవైపు చర్య, కుడివైపు మాటలు. టైటిళ్ళలో కూడా కథ ఒకరిది, మాటలు ఒకరివి, స్క్రీన్‌ప్లే మరొకరిది. ఈ విభజన వల్ల మనకొక అపోహ పాతుకుపోయింది, రచయిత అంటే కుడివైపు భాగం నింపేవాడని. నిజానికి మన సినిమాలో గొప్ప రచన ఎడమవైపే ఎక్కువ జరిగింది. 1957లో వచ్చిన 'మాయాబజార్' చూడండి. పింగళి నాగేంద్రరావు మాటలు మనందరికీ నోటికొచ్చు, పెళ్ళిళ్ళలో వాడుకుంటాం. కానీ ఆ స్క్రిప్టులో అన్నింటికంటే సాహసమైన నిర్ణయం ఒక్క మాటలోనూ లేదు. పాండవుల బంధువర్గం కథ అయిన ఆ సినిమాలో పాండవులు తెరమీదికే రారు. ఎవరిని చూపించాలో తేల్చుకోవడం అందరూ చేసే పని. ఎవరిని చూపించకుండా కథ నడపొచ్చో కనిపెట్టడం స్క్రీన్‌ప్లే. దర్శకుడు కె.వి.రెడ్డి చిత్రీకరణకు ముందే స్టాప్‌వాచ్ పెట్టి సన్నివేశాల నిడివి లెక్కగట్టేవారు. స్క్రిప్టు ఆయనకు సాహిత్యంతోపాటు కాలం లెక్క కూడా.

ఆయన దగ్గర 'మాయాబజార్'కు సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు ముప్పై ఏళ్ళ తర్వాత, 1987లో, సంభాషణలే లేని 'పుష్పక విమానం' తీశారు. ఒకే గురుపరంపరలో ఒక కొసన పింగళి మాటల పండగ, మరో కొసన మాటే లేని సినిమా. కుడివైపు భాగం ఖాళీగా ఉన్నా స్క్రిప్టు స్క్రిప్టేనని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? మన దారిలోనే ఇంకొక ఉదాహరణ ఉంది. శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి మీద ముందుకు పోతే ప్రజ్ఞాపూర్ వస్తుంది. 'దాసి' తీసిన బి.నర్సింగరావు పుట్టిన ఊరు అది. 1988 నాటి ఆ సినిమాకు జాతీయ పురస్కారాలు ఐదు వచ్చాయి. అందులో అర్చన ధరించిన పాత్ర ఎంత తక్కువ మాట్లాడుతుందో గమనించండి. దొర గడీలో దాసికి మాట్లాడే హక్కు లేదన్న సంగతిని ఆ నిశ్శబ్దమే చెబుతుంది. మన కథకు నేను రాసుకున్న సీను పేపరు ఇది:

"ఉదయం. చెరువు అవతలి పొలం. అమ్మాయి సైకిల్ మీద వస్తుంది. గెట్టు దగ్గర ఆగుతుంది. సున్నం వేసిన రాళ్ళు వరుసగా పాతి ఉన్నాయి. ఒక్కో రాయి మీద ఎర్ర రంగుతో అంకె. ఒకదాని మీద మేకపిల్ల ఎక్కి నిలబడింది. అమ్మాయి దాన్ని దించుతుంది. అంకె చదువుతుంది. సైకిల్ వెనక్కి తిప్పుతుంది."

మాట లేదు. ఇక్కడ "అయ్యో, మా భూమి అమ్మేశారా!" అని రాస్తే ప్రేక్షకుడి చేతిలోది లాక్కున్నట్టే.

ఇప్పుడు రేడియో. సారు ఇంటి సంగతి ఇది, కొంచెం ఎక్కువసేపు ఉండనివ్వండి. హైదరాబాదులో దక్కన్ రేడియో 1935 నాటికే ఉంది. మద్రాసు ఆకాశవాణి 1938 జూన్ 16న మొదలైంది, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న. దేవులపల్లి కృష్ణశాస్త్రి, బుచ్చిబాబు వంటివారు రేడియో కోసం రాశారంటే అది కేవలం జీతం కోసం కాదు, చెవికి రాయడం అనే కొత్త విద్య దొరికినందుకు. విజయవాడలో నండూరి సుబ్బారావు, హైదరాబాదులో శారదా శ్రీనివాసన్ వంటి గొంతులు తెలుగిళ్ళలో చుట్టాల గొంతులైపోయాయి. ముఖం తెలియని మనిషి నవ్వును బట్టి ఆమె వయసూ మనసూ పోల్చుకునే శ్రోతలు ఒక తరమంతా ఉండేవాళ్ళు.

రేడియోలో ఊరుకున్న పాత్ర మాయమైపోతుంది. సినిమాలో మూల నిలబడి చూసే తల్లి సన్నివేశాన్ని మోస్తుంది. రేడియోలో ఆ తల్లి దగ్గాలి, గాజు కదలాలి, లేకపోతే మరో పాత్ర ఆమెను పేరు పెట్టి పిలవాలి. ఒకే వయసు మగగొంతులు నాలుగు వరసగా వస్తే శ్రోత తప్పిపోతాడు. అందుకే రేడియో రచయిత పాత్రలను కథ కోసమే కాక గొంతుల తేడా కోసమూ ఎంచుకుంటాడు. నూనెలో వేగే చప్పుడూ వాన చప్పుడూ మైకులో ఇంచుమించు ఒక్కటే, దానికి ఒక మాట తోడైతేనే అది వాన అవుతుంది. అలాగని ఆ మాట నాటకంలో అతుకులా వినిపించకూడదు. అసలు కష్టం అక్కడే ఉంది. మన కథ రేడియోలో ఇలా వస్తుంది:

(గాలి. దూరంగా లారీ. రాయికి కర్ర తగిలిన చప్పుడు.)
కూతురు: నాయినా, మన గెట్టు మీద గీ రాళ్ళు ఎవలు పాతిండ్రు?
తండ్రి: (కొంచెం దూరం నుంచి) ఎండెక్కుతున్నది బిడ్డా, ఇంటికి పోదాం పా.
కూతురు: అంకెలు గూడ ఏసిండ్రు. ఇరవై ఏడు... ఇరవై ఎనిమిది...
(చెప్పుల చప్పుడు ఆగిపోతుంది.)

"చూడు నాయినా, తెల్లటి రాళ్ళు వరుసగా ఉన్నాయి" అని ఆమెచేత అనిపిస్తే అబద్ధం అవుతుంది. తండ్రికి కళ్ళున్నాయి, అతనికి ఆ వర్ణన అక్కర్లేదు. అంకెలు పైకి చదవడానికి మాత్రం ఆమెకు కారణం ఉంది. నమ్మలేక చదువుతున్నది. శ్రోతకు కావలసిన సమాచారం పాత్రకు కావలసిన మాటలోనుంచే రావాలి. తండ్రి జవాబు చెప్పకుండా ఎండ గురించి మాట్లాడటమే జవాబు. మైకుకు అతను కాస్త దూరంగా ఉండటం కూడా రాతలో భాగమే. అది నటుడికి వదిలేసే విషయం కాదు.

వివిధ భారతిలో వచ్చే 'సంక్షిప్త శబ్దచిత్రం' నా తరంవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. సినిమా శబ్దాన్ని కుదించి వినిపించేవారు. సినిమా స్క్రిప్టుకు అది ఒక పరీక్ష. మాటల మీద నిలబడ్డ సినిమాలు అందులో హాయిగా బతికాయి. చూపు మీద నిలబడ్డ సినిమాలు వ్యాఖ్యాత చెయ్యి పట్టుకోనిదే నడవలేవు. 'దాసి'ని అలా వినిపిస్తే ఏమీ మిగలదు. అది ఆ సినిమా లోపం కాదు, అది సినిమా అనడానికి రుజువు.

రేడియో భాష గురించి కూడా ఒక మాట. సంగారెడ్డి జిల్లా మాచ్‌నూర్‌లో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైనప్పుడు పల్లె ఆడవాళ్ళు మైకు ముందు తమ మాటనే మాట్లాడారు. ఒకప్పటి రేడియో రచయితలు, సారు తరంవాళ్ళు, గ్రాంథికపు వాసనతో కుస్తీ పట్టి చేరుకున్న చోటుకు వాళ్ళు నేరుగా వచ్చి కూర్చున్నారు. రేడియోకు రాయదలచినవారు ఒక్కరోజు వాళ్ళ పక్కన కూర్చుని వింటే, పుస్తకాల్లో లేని పాఠం దొరుకుతుంది.

టీవీ సంగతి. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైంది. వారానికొకసారి వచ్చే నాటికల కాలం దాటి రోజువారీ సీరియల్ వచ్చాక రచన స్వభావమే మారింది. యద్దనపూడి సులోచనారాణి రాయగా మంజులా నాయుడు దర్శకత్వంలో వచ్చిన 'ఋతురాగాలు' దూరదర్శన్‌లో ఆ మార్పుకు ఒక మంచి గుర్తు. నవల చదివించే నేర్పు తెలిసిన రచయిత్రి, రేపటికి ఏం దాచాలో తెలిసిన రచయిత్రి. ఇటీవలి 'కార్తీకదీపం' పదిహేను వందల ఎపిసోడ్లు దాటింది. అంత పొడవు కథను ఎవరూ ముందుగా రాసి పెట్టుకోలేరు. కొన్ని ఎపిసోడ్లు ముందుగా తీసి 'బ్యాంకు'లో ఉంచుకుంటారు, అది తరిగిపోయే కొద్దీ రచయిత మీద ఒత్తిడి పెరుగుతుంది. సీను ఆ రోజే సెట్టుకు చేరడం మామూలే.

సీరియల్ రచనను చులకన చేసేవాళ్ళతో నేను ఏకీభవించను. ఆ రచయిత ఎలాంటి పరిస్థితుల్లో రాస్తున్నదో చూడండి. చాలామంది నాయికలు కర్ణాటక నుంచి వస్తారు, తెలుగు వచ్చీరాని స్థితిలో ఉంటారు. కెమెరా పక్కన ప్రాంప్టర్ మాట అందిస్తే వాళ్ళు పలుకుతారు, తర్వాత డబ్బింగ్ కళాకారిణి గొంతు పోస్తుంది. కాబట్టి వాక్యం ప్రాంప్టర్ ఒక ఊపిరిలో చెప్పగలిగినంతే ఉండాలి, అది మూడు నోళ్ళు దాటి వచ్చినా బతకాలి. ఇటు చూసే ఇల్లాలు పొయ్యి దగ్గర ఉంటుంది. సగం చూస్తుంది, సగం వింటుంది. అందుకే సీరియల్లో పాత్రలు ఎదుటివాళ్ళను పదే పదే వరసపెట్టి పిలుస్తాయి: అత్తయ్యా, వదినా, బావగారూ. విమర్శకులు దీన్ని కృతకం అంటారు. వంటింట్లోకి వినబడే నాటకానికి అది అవసరం. టీవీ సీరియల్ సగం రేడియోయే, ఈ సంగతి గుర్తించిన రచయితలే అక్కడ నిలదొక్కుకున్నారు.

మన కథలో భూమి అమ్మిన సంగతి సోమవారమే కూతురికి తెలిస్తే మంగళవారానికి రచయిత చేతిలో ఏమీ ఉండదు. అందుకని సోమవారం తల్లికి తెలుస్తుంది. మంగళవారం తల్లి కూతురికి చెప్పబోతే మేనత్త వస్తుంది. బుధవారం కాగితం కూతురి చేతికి వస్తుంది కానీ చదవదు. నిజం బయటపడటం కంటే, నిజం తెలిసినవాళ్ళకూ తెలియనివాళ్ళకూ మధ్య ఒకే ఇంట్లో గడిచే రోజులు ఇక్కడ కథ. జీవితంలో కూడా ఇలాంటి వార్తలు అలాగే తెలుస్తాయి, ఒక్క షాట్‌లో కాదు. సీరియల్‌కు ఉన్న ఈ సత్యాన్ని మనం గౌరవించాలి. సాగదీతను సమర్థించమని అనడం లేదు. మంగళవారం వచ్చిన మేనత్త శుక్రవారానికి కథను ఏ మాత్రం కదిలించకపోతే ఆమె రాకూడదు.

ఇక వెనక వరసల్లో కూర్చున్న కాలేజీ పిల్లల కోసం, వీడియో గేమ్. ఇక్కడ ఒక్క మాట పెద్దలకు. ఇది పిల్లల ఆట, రచనతో పనేమిటి అనుకోవద్దు. 1976లో వచ్చిన 'కొలోసల్ కేవ్ అడ్వెంచర్'లో బొమ్మలే లేవు. అంతా అక్షరాలే. 2019లో వచ్చిన 'డిస్కో ఎలీజియం'లో పది లక్షలకు పైగా మాటలున్నాయి. మన హైదరాబాదులోనే ఓగర్ హెడ్ స్టూడియో 2017లో 'అసుర' అనే గేమ్ విడుదల చేసింది. భారతీయ పురాణాల ఛాయలో సాగే ఆ ఆటలో నేర్చుకునే శక్తుల క్రమం ఆడిన ప్రతిసారీ మారుతుంది. దేశంలోని గేమ్ తయారీదారుల పెద్ద సదస్సు ఏళ్ళ తరబడి ఈ నగరంలోనే జరిగింది. అంటే చేతులు ఇక్కడ ఉన్నాయి. తెలుగు రాత మాత్రం అక్కడ దాదాపు లేదు.

మన కథ గేమ్ అయితే ఆడేవాడే కూతురు. ముందు పొలానికి పోవచ్చు, లేదా బీరువా తెరిచి అగ్రిమెంటు చదవొచ్చు, లేదా నేరుగా ఇంటికొచ్చి తండ్రి పక్కన కూర్చోవచ్చు. రచయిత ఆపలేడు. కాబట్టి తండ్రి పలికే మొదటి మాట ఒక్కటి రాస్తే చాలదు. ఆమె రాళ్ళు చూసిందా? కాగితం చదివిందా? ఈ రెండు ప్రశ్నలకు అవును, కాదు అనే జవాబులతో నాలుగు స్థితులు. తల్లితో మాట్లాడిందా అనేది చేరిస్తే ఎనిమిది. ఇంకొకటి చేరిస్తే పదహారు. రెండూ తెలిసి వచ్చిన కూతురితో తండ్రి, "నీ చదువుకే బిడ్డా" అంటాడు. ఏమీ తెలియని కూతురితో, "బువ్వ తిన్నవా?" అంటాడు. రాళ్ళు మాత్రమే చూసి వచ్చినదానితో ఏమంటాడు? ఆలోచించండి, అది చాలా మంచి ప్రశ్న. సినిమా రచయితకు ఆ ప్రశ్న ఎప్పటికీ ఎదురుకాదు. తండ్రి మనసును ఇన్ని వైపుల నుంచి తెలుసుకోవలసిన అవసరం వేరే ఏ స్క్రిప్టులోనూ రాదు. ఆమె పొలానికి అసలు పోకపోవచ్చు కూడా. అప్పుడు రచయిత ఎంతో ఇష్టంగా రాసిన మేకపిల్ల ఎవరికీ కనబడదు. ఎవరూ చూడకపోయినా సరేనని రాయగల మనసు దీనికి కావాలి.

తెలుగులో రాస్తే మరికొన్ని చిక్కులొస్తాయి. ఇంగ్లీషు గేముల్లో వాక్యంలో ఖాళీ ఉంచి, ఆడేవాడి పేరో వస్తువు పేరో అందులో పడేస్తారు. మనకది కుదరదు. కత్తి అయితే కత్తిని, గుర్రం అయితే గుర్రాన్ని. రవి అయితే రవికి, లక్ష్మణుడు అయితే లక్ష్మణుడికి. మాట చివర మారిపోతుంది కాబట్టి ప్రోగ్రాము రాసేవాడి పక్కన వ్యాకరణం తెలిసినవాడు కూర్చోవాలి. నువ్వు అనాలా మీరు అనాలా అన్నది కూడా కథలో మారే ఒక లెక్క అవుతుంది. ఆడేవాడు దురుసుగా నడుచుకుంటే ఊరి పెద్ద 'నువ్వు'లోకి దిగాలి. ఒక్క విషయంలో మన భాష మేలు చేస్తుంది. 'వచ్చినవు' అంటే ఆడా మగా ఇద్దరికీ సరిపోతుంది, 'బిడ్డా' అన్న పిలుపూ అంతే.

ఇంకో అడ్డంకి అక్షరాలది. బాగా వాడుకలో ఉన్న యూనిటీ ఇంజన్‌లో అక్షరాలు చూపించే మామూలు పద్ధతికి మన ఒత్తుల కూర్పు తెలియదు. క్రింద ఉండాల్సిన ఒత్తు పక్కకొచ్చి పడుతుంది. పిల్లలు చాలామంది ఇది చూసే తెలుగు వదిలేశారు. 2023లో వచ్చిన గోడో 4 ఇంజన్ మన లిపిని సరిగ్గా కూర్చి చూపిస్తుంది, పైగా ఉచితం. బొమ్మలు అక్కర్లేదు, దారులు చీలే కథ రాయడమే కావాలనుకుంటే ట్వైన్ ఉంది. బ్రౌజర్‌లో తెలుగు కనబడినట్టే అందులోనూ కనబడుతుంది. కాబట్టి సాధనం లేదన్న మాట ఇక చెల్లదు.

ఇలా దారులు మారుస్తూ కథ చెప్పే విద్య కూడా మనకు కొత్త కాదు. ఇదే రాజీవ్ రహదారి మీద కొమురవెల్లి కమాను ఉంది. అక్కడి మల్లన్న కథ చెప్పే ఒగ్గు కళాకారుణ్ణి చూడండి. జనం ఎవరు, మల్లన్నకు ముగ్గుల పట్నం వేసిన ఇల్లెవరిది, పొద్దు ఎంత మిగిలింది, వీటిని బట్టి అతను కథ పెంచుతాడు, తగ్గిస్తాడు, పక్కవాడు ఎదురుప్రశ్న వేస్తే దారి మళ్ళిస్తాడు. అయినా మల్లన్న కథ మల్లన్న కథగానే మిగులుతుంది. ఏది మారినా ఫర్వాలేదో, ఏది కదిలితే కథ కూలుతుందో అతనికి తెలుసు. గేమ్ రచయితకు కావలసిన ప్రధానమైన తెలివి ఇదే. గేమ్ రాయాలనుకునే పిల్లలు విదేశీ పాఠాలు చూడటం మంచిదే, ఒక రాత్రంతా ఒగ్గు కథ దగ్గర కూర్చోవడం అంతకంటే ఎక్కువ మేలు చేస్తుంది.

ఇంత పని జరిగిన భాషలో స్క్రిప్టులు ఎక్కడున్నాయి? నవలలు అచ్చయ్యాయి, కథలు అచ్చయ్యాయి. రేడియో నాటకాలు కొద్దిగా పుస్తకాలుగా వచ్చాయి, సినిమా స్క్రిప్టులు అంతకంటే తక్కువ. సీరియల్ సీన్లు షూటింగ్ అయ్యాక చించేసిన కాగితాలే. తెలుగు ఎం.ఏ. చదివే విద్యార్థి ప్రబంధం ఎలా నడుస్తుందో చెప్పగలడు, గంట రేడియో నాటకం ఎలా నడుస్తుందో చెప్పలేడు, ఎందుకంటే వాడి చేతికి అది ఎవరూ ఇవ్వలేదు. పింగళి మాటలు మనకు మిగిలింది సినిమా మిగిలింది కాబట్టి. టేపు చెరిగిపోయిన రేడియో రచయితకు ఆ భాగ్యం లేదు.

అందుకని రెండు కోరికలు మీ ముందు పెడుతున్నాను. కాలేజీ పిల్లలారా, మీ ఊరి కథ ఒకటి తీసుకుని, దారులు చీలే కథగా తెలుగులో రాయండి. చిన్నది చాలు, మూడు దారులున్నా చాలు. మీ ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రాయండి. ఇక ఇళ్ళలో పాత రేడియో నాటకాల ప్రతులు, సీను పేపర్లు, సీరియల్ కాగితాలు ఉన్నవారు దయచేసి పాత పేపర్లవాడికి వేయకండి. ప్రతి కాగితం మీదా రాసినవారి పేరు, కేంద్రం పేరు, ప్రసారమైన తేదీ రాసి, ఫొటో తీసి ఉంచి, అసలు ప్రతిని మీ దగ్గరి గ్రంథాలయానికి ఇవ్వండి. ఈ పని ఈ వారంలోనే మొదలుపెట్టమని మిమ్మల్ని వేడుకుంటున్నాను.